పులుపే పథ్యమైన ఏడాది

ఇది రాస్తున్నప్పుడు మా మేఘన వంటింటి గడప మీద కూర్చుని పచ్చి చింతకాయను ఉప్పులో అద్దుకుని తింటోంది. కొరికినప్పుడల్లా ఒక కన్ను మూసుకుంటుంది, భుజాలు పైకెగరేస్తుంది, మళ్ళీ కొరుకుతుంది. ఏడాది కిందట ఇదే పిల్ల చింతకాయ పేరు వింటేనే బుగ్గ పట్టుకుని ఏడ్చేది. అందుకే ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూసుకుంటూ రాస్తున్నాను. నా మనసు కుదుటపడటానికి కొంత. మాలాంటి అమ్మానాన్నలు ఇంకెక్కడైనా ఉంటే మాకన్నా ముందే మేలుకుంటారని కొంత.

మాది చండ్రుగొండ. నేను పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. మా ఆయన శ్రీను వాటిని ట్రాలీ ఆటోలో కొత్తగూడెం క్వార్టర్లకూ, మణుగూరు కాలనీలకూ చేరవేస్తాడు. మా అత్తమ్మ రాజమ్మ పైపెత్తనం చేస్తుంది. ఆవపిండి పాళ్ళు తప్పితే దూరం నుంచే ముక్కు ఎగబీల్చి చెప్పేస్తుంది. మా ఇంట్లో ఏ మూల నిలబడ్డా ఏదో ఒక పులుపు ముక్కుకు తగులుతుంది. మేఘన పళ్ళు సరిగా రాకముందే ఆవకాయ టెంక చీకిన పిల్ల. అలాంటి పిల్లకు పులుపే పగయింది.

మామిడికాయల రోజులు

మొదటిసారి వచ్చింది వేసవిలో. వాకిలి నిండా మామిడికాయ ముక్కలు, చాప మీద కూర్చుని జీడి తీసి తుడిచే ఆడవాళ్ళు, వాళ్ళ కబుర్లు. ఒకటో తరగతికి వెళ్ళబోయే మేఘన వాళ్ళ మధ్య దూరి ముక్కలు దొంగతనం చేస్తోంది. ఉన్నట్టుండి కెవ్వుమని అరిచి ఎడమ చెవి కింద చెయ్యి పెట్టుకుంది. కత్తి తగిలిందేమోనని పరుగెత్తి చెయ్యి తీసి చూశాను. నెత్తురు లేదు, దెబ్బ లేదు. నోట్లో మామిడి ముక్క మాత్రం ఉంది.

సాయంత్రానికి ఆ బుగ్గ పూరీలా పొంగింది. ఒళ్ళు వెచ్చబడింది. మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి చూసి, "గవదబిళ్ళల లెక్కనే ఉందక్కా. అందరి పిల్లలకు వచ్చేదే, భయపడకు" అని జ్వరం మందు ఇచ్చి వెళ్ళాడు.

గవదబిళ్ళలన్న మాట చెవిన పడగానే అత్తమ్మ తన మెడలోని బంగారు గొలుసు తీసి మేఘన మెడలో వేసింది. మా వైపు అంతే. పిల్లల దవడలు వాస్తే మెడలో బంగారం వేస్తారు. బంగారం తగిలితే వాపు దిగుతుందని నమ్మకం. గొలుసు పిల్ల బొడ్డు దాకా వేలాడింది. అద్దంలో చూసుకుని మేఘన నొప్పి సగం మరిచిపోయింది.

గొలుసుతో పాటు పథ్యం కూడా వచ్చింది.

"గొలుసు ఉన్నన్ని దినాలు పులుపు ముట్టొద్దు బిడ్డా. పులుపు తింటే వాపు ఇంక ఎక్కువైతది" అంది అత్తమ్మ.

"చారు గూడనా నానమ్మా?"

"చారు గూడ. పాలన్నం తిను."

మామిడికాయల గుట్ట పక్కన కూర్చుని పాలన్నం తిన్న పిల్ల జిల్లా మొత్తం మీద అదొక్కతే అయ్యుంటుంది. వారం తిరక్కుండా వాపు దిగింది. ఆ గొప్పంతా గొలుసుకు పోయింది. నేను కూడా దండం పెట్టుకున్నాను, అబద్ధమెందుకు.

వానలు పడ్డాక

నాట్ల వేళకు మళ్ళీ వచ్చింది. అదే ఎడమ బుగ్గ. మళ్ళీ గొలుసు, మళ్ళీ పాలన్నం, మళ్ళీ తగ్గడం. కానీ ఈసారి నేనొకటి గమనించాను. పిల్లకు తిన్నప్పుడే కాదు, తినబోయే ముందే నొప్పి వస్తోంది. నేను చింతపండు తొక్కుపచ్చడికి పోపు వేస్తుంటే అవతలి గదిలో ఉన్నది అక్కడే బుగ్గ పట్టుకుని కూలబడింది. కళ్ళలో నీళ్ళు. "అమ్మా, వాసనకే నొస్తంది" అంది.

ఆ మాటతో ఇల్లు రెండుగా చీలిపోయింది.

"ఇన్నవా? గాలి పీలిస్తేనే పిల్లకు తగుల్తంది" అంది అత్తమ్మ. "ఇల్లంత తొక్కుల ఘాటు. గీ ఘాటే పిల్లను తింటంది. నీకు బిడ్డ కావాల్నా, తొక్కులు కావాల్నా?"

నేనేం తక్కువ తిన్నానా? "మరి నీ కొడుకు గీ ఊర్లనే గీ ఘాటులనే పెరగలేదా అత్తమ్మా? ఆయన దవడలు బాగానే ఉన్నయి గదా!" అన్నాను.

మధ్యలో శ్రీను అడకత్తెరలో పోకచెక్క. తల్లి ముందు తల్లి మాట, నా ముందు నా మాట మాట్లాడేవాడు. ఇద్దరం ఒకేసారి ఎదురుపడితే ఆటో టైరులో గాలి చూడాలని బయటికి పోయేవాడు. ఆ రోజుల్లో మా ఆటోకు ఉన్నంత గాలి ఏ బండికీ ఉండి ఉండదు.

పైకి ఎంత ఎగిరినా రాత్రి పడుకున్నాక నాకూ అనుమానమే. నా చేతి పని నా బిడ్డకు కీడు చేస్తోందా అని. ముందు జాడీలను పెరట్లోని రేకుల కొట్టంలోకి చేర్చాను. ఇంట్లో వేరే స్టవ్వు పెట్టి చప్పిడి వంట మొదలుపెట్టాను. మేఘన బుగ్గ మామూలుగానే ఉంది గానీ తిండి దగ్గర ఉత్సాహం పోయింది. నీళ్ళు కూడా భయం భయంగా తాగేది. చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకుని ఎంతకీ మింగకుండా గోడకేసి చూస్తూ కూర్చునేది. నిజం చెప్పాలంటే వాపు కన్నా ఆ చూపుకే నేను ఎక్కువ ఏడ్చాను.

బతుకమ్మ

బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాటికి మూడోసారి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. కొత్త పట్టులంగా కుట్టించాం, గాజులు కొన్నాం. పొద్దున లేచేసరికి బుగ్గ వాచి ఉంది. అయినా ఆగక వీధిలోకి పరుగెత్తింది. ఆడుతున్న పిల్లల తల్లులు ఒక్కొక్కరే తమ పిల్లల చెయ్యి పట్టి పక్కకు లాగారు. ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. "గవదలు గదమ్మా, అంటుకుంటయి" అని మెల్లగా అన్నారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

మేఘన వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. మెడలో బొడ్డు దాకా బంగారం, ఒంటి మీద పట్టు, కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడొచ్చింది ముత్తక్క. అడవి అంచు గూడెం నుంచి నాకు చింతపండు, ఉసిరికాయలు తెచ్చే కోయ ఆవిడ. ఆ రోజు పండుగని మోపెడు తంగేడు పూలు తెచ్చింది. పిల్లను చూసి మోపు దింపి పక్కనే చతికిలబడింది.

"మా గూడెంల మేం గిది ఆడం బిడ్డా. నాకు రాదు. నువ్వు నేర్పిస్తవా?" అంది.

నేర్పమంటే మా పిల్లకు ప్రాణం లేచి వస్తుంది. పళ్ళెంలో తంగేడు పూలు పేర్చి చిన్న బతుకమ్మను చేశారిద్దరూ. అరుగు మీద దాని చుట్టూ తిరిగారు. "చప్పట్లు గట్ల కాదు ముత్తక్కా, వంగాలె!" అని మేఘన కసురుతుంటే ముత్తక్క నడుము పట్టుకుని వంగింది. "అంటుకుంటదేమో" అని నేనంటే, "నాకు దవడలల్ల పండ్లే లేవు, ఏది అంటుకుంటది?" అని నవ్వింది. ఆ ఒక్క నవ్వుకు ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మర్నాడు బంధువొకావిడ ఫోన్ చేసి, అది గవదలు కాదేమో, గడ్డేమో, అలాంటివి కోసి తీస్తే నోరు వంకర పోతుందట అని చల్లగా చెప్పి పెట్టేసింది. ఆ పూటే నేను పచ్చళ్ళు మానేశాను. కొత్తగూడెం వాళ్ళకు ఇక లేవని చెప్పమన్నాను. కొట్టంలోని జాడీలను పక్కింటివాళ్ళ గోదాములోకి పంపించేశాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ప్రతి జాడీ బయటికి పోయేదాకా చూసింది. గెలిచినట్టు మాత్రం లేదు ఆవిడ మొహం. తనకూ భయమే.

ఈసారి వాపు పూర్తిగా దిగలేదు. బడి తెరిచినా పిల్లను పంపకపోయేసరికి టీచరమ్మ ఫోన్ చేసింది. "ఏందమ్మా, మీ పాపకు మాటిమాటికి గవదలేనా? మాకైతే చిన్నప్పుడు ఒక్కసారే వచ్చినయి, మళ్ళ రాలే" అంది. విసుగుతోనే అంది. కానీ ఆ విసుగు నాకు దీపంలా పనికొచ్చింది. నిజమే కదా, నాకూ ఒక్కసారే వచ్చాయి, మా అక్కకూ ఒక్కసారే. మరి మా పిల్లకు ఇదేమిటి? "ఖమ్మం పోదాం" అన్నాను శ్రీనుతో. "నేను గూడ వస్త" అంది అత్తమ్మ. కాదనడానికి నాకు ఓపిక లేదు. మర్నాడే బయల్దేరాం.

ఖమ్మం

చెవి, ముక్కు, గొంతు చూసే లేడీ డాక్టరు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. శ్రీను ఆటో కిరాయి ఉండి రాలేదు. నేను, అత్తమ్మ, మధ్యలో మేఘన. బల్ల మీద మా పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ, చెవినొప్పి మనవడితో కూర్చుంది. వాళ్ళది అక్కడే గాజుల దుకాణమట. మేఘన బిక్కమొహం చూసి సంచీలోంచి నారింజ బిళ్ళ తీసి చేతిలో పెట్టింది.

"తిను బేటా."

అత్తమ్మ గద్దలా వాలి లాగేసుకుంది. "వద్దమ్మా! పులుపు!"

"అయ్యో, నారింజ బిళ్ళనే గదమ్మా. జహర్ ఇచ్చినట్టు గట్ల అరుస్తున్నవేంది?"

హాలంతా నవ్వారు. అత్తమ్మ కూడా చివరికి నవ్వక తప్పలేదు. "పిల్లకు పథ్యం నడుస్తందమ్మా" అని కథంతా చెప్పుకొచ్చింది. ఆవిడ మొత్తం విని, "నా మనవడికి చెవి, నీ మనవరాలికి చెంప. మనకేమో నడుము. అల్లా అందరికీ సమానంగా పంచిండు" అంది. లోపల్నుంచి వాళ్ళ పేరు పిలిస్తే, "ముందు ఆ పాపను పోనీయండి, చాన నొప్పి మీదుంది" అని మమ్మల్ని పంపింది.

డాక్టరమ్మది మధిర వైపు మాట. మేఘన బుగ్గను చెవి ముందు నుంచి నోటి వైపుకు మెల్లగా నొక్కింది. నోరు తెరిపించి లైటు వేసి పై పళ్ళకు ఎదురుగా బుగ్గ లోపల చూసింది. మూడుసార్లూ ఇదే వైపా, తినేటప్పుడు ఎక్కువా, ఎన్నాళ్ళకు తగ్గుతోంది అని అడిగింది. తర్వాత పక్క గదిలో, కడుపులో బిడ్డను చూసే మిషనుతోనే బుగ్గను చూశారు. "నా బుగ్గల పాప ఉందా?" అని మేఘన అడిగితే చేతిలోని మిషను కదిలిపోయేంతగా డాక్టరమ్మ నవ్వింది.

ఆ నవ్వు చూసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే ఆవిడ ఎదురుగా ఉన్న జ్యూస్ బండి నుంచి నిమ్మచెక్క తెప్పించింది. అత్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"డాక్టరమ్మా, పులుపు..."

"కూర్చోండమ్మా. చూద్దాం."

నాలుక మీద ఒక్క చుక్క. మేఘన గిలగిల్లాడింది. నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. డాక్టరమ్మ ఆ చెంపను వెనక నుంచి ముందుకు వేలితో తోస్తూనే ఉంది. ఉన్నట్టుండి పిల్ల ఏడుపు ఆపింది. "ఉప్పగ ఏందో వచ్చింది" అంది. నోట్లోంచి తెల్లగా, చిక్కగా తీగలాంటిది ఊసింది. బుగ్గ తడుముకుంది. నా వైపు చూసింది, డాక్టరమ్మ వైపు చూసింది.

"మేడం, ఇంకో సుక్క ఇయ్యి."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎన్ని నెలలైందో నా బిడ్డ ఏదైనా ఇంకొంచెం కావాలని అడిగి!

డాక్టరమ్మ అత్తమ్మ వైపు తిరిగింది. "చెవి ముందు ఉమ్మి ఊరే గ్రంథి ఉంటుందమ్మా. అక్కడి నుంచి నోట్లోకి సన్నని కాలువ. పొలం కాలువలో పూడిక పడితే ఏమవుతుంది?"

"నీళ్ళు ఆగుతయి. ఆగినకాడ మురుగుతయి."

"అంతే. పాపకు ఆ గ్రంథికి వాపు వచ్చిపోతోంది. ఇది గవదబిళ్ళలు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. తినబోయేముందు నోరూరుతుంది కదా, ఆ ఊరిన ఉమ్మికి దారి లేక నొప్పి. మీరు పులుపు మాన్పించి, చప్పిడి తినిపించి, పిల్ల నీళ్ళు కూడా తగ్గించేసరికి కాలువ ఇంకా మందగించింది."

"గడ్డ కాదా మేడం? కొయ్యాల్నా?" అన్నాను.

"ఎందుకు కోస్తాం? చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ దానంతటదే తగ్గిపోతుంది. మరీ ఊరికూరికే వస్తుంటే సన్న గొట్టంతో కాలువ కడిగే పద్ధతి ఉంది, దాని సంగతి అప్పుడు చూద్దాం. ఇప్పటికి మందులు రాస్తాను. రక్తపరీక్ష ఒకటి చేయిద్దాం. నీళ్ళు బాగా తాగించండి. వేడి గుడ్డ కాపడం, ఇదిగో ఇలా మర్దన. రోజూ నిమ్మకాయో, నారింజో, పుల్లటిది చప్పరించాలి. జ్వరం వచ్చినా, బుగ్గ ఎర్రబడినా, నొప్పి పెరిగినా ఇంట్లో ఆగకుండా రావాలి." రాస్తూ రాస్తూ తలెత్తింది. "మీరేం చేస్తుంటారు?"

"పచ్చళ్ళు పెట్టి అమ్మేదాన్ని మేడం. పాప కోసమని బంద్ చేసిన."

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వింది. "మందును ఇంట్లోంచి వెళ్ళగొట్టి, మందు కోసం ఖమ్మం వచ్చారన్నమాట! కంచం నిండా ఆవకాయ పెట్టమనడం లేదు సుమా. కానీ మీ ఇంటి వాసనకు నోరూరితే మంచిదే."

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మేమైతే పెరటి చెట్టును కొట్టేసి మరీ బయల్దేరాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అత్తమ్మ మాత్రం గొలుసు దగ్గరే ఆగింది. "మరి గొలుసు ఏసిన ప్రతిసారి తగ్గిందమ్మా!"

"తగ్గుతుందమ్మా. వెయ్యకపోయినా తగ్గేది. వేస్తే తప్పేం లేదు, పిల్ల ఆడుకునేటప్పుడు దేనికీ తగులుకోకుండా చూడండి. మందు మాత్రం ఆపకండి."

బయటికి రాగానే మేఘన తిన్నగా ఆ గాజుల అమ్మమ్మ దగ్గరికి పోయి చెయ్యి చాపింది. "నా బిళ్ళ?" ఆవిడ ఒకటి కాదు, గుప్పెడు ఇచ్చింది. అత్తమ్మ వద్దనలేదు.

బస్సులో దారి పొడుగునా అత్తమ్మ పిల్ల బుగ్గ తడుముతూ కూర్చుంది. మా ఊరి స్టాండులో శ్రీను ఆటోతో కాచుకుని ఉన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. "ఏమన్నరమ్మా?" అన్నాడు మేం దగ్గరికి రాకముందే.

"ఏం గాదురా, బిడ్డకు ఏం గాదు" అంది అత్తమ్మ ఎక్కి కూర్చుంటూ. "ముందుగాల నిమ్మకాయల బండి కాడ ఆపు. అటెన్క పక్కింట్ల ఉన్న జాడీలు తెద్దాం. జల్దీ నడువ్."

ఉసిరికాయలు

మందులతో ఆ వాపు తగ్గింది. రక్తపరీక్షలోనూ భయపడాల్సిందేం లేదన్నారు. మర్దన పదవి అత్తమ్మది. నేను చేస్తానంటే ఒప్పుకోదు. వేడి గుడ్డ కాపడం పెట్టి, చెవి ముందు నుంచి పెదవి దాకా, డాక్టరమ్మ చూపించినట్టే వేలితో తోస్తుంది. "కాలువ తీస్తన్న, కదలకు" అంటుంది. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, "మా పిల్లది అంటేది కాదంట, ఖమ్మం డాక్టరమ్మ చెప్పింది" అని చాటి వచ్చింది కూడా ఆవిడే. మర్నాటి నుంచే పిల్లలు మా వాకిట్లో వాలారు.

కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళినప్పుడు ముత్తక్క గంపెడు ఉసిరికాయలతో వచ్చింది. మేఘన ఒకటి కొరికి, అలవాటుగా బుగ్గ మీద చెయ్యి వేసుకుని నొప్పి కోసం కాచుకుంది. అందరం చేతిలో ముద్దలతో అలాగే ఆగిపోయాం. పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, నొస్తలేదు!"

ముత్తక్క ముందు చప్పట్లు కొట్టింది. వంగి మరీ కొట్టింది, బతుకమ్మ నాడు నేర్చుకున్నట్టే.

చలికాలంలో ఇంకోసారి వాపు కనిపించింది. కానీ ఈసారి మాకు దారి తెలుసు. డాక్టరమ్మకు ఫోన్ చేశాం, ఆవిడ చెప్పినట్టు చేశాం. కొంచెంగానే వచ్చి తొందరగా పోయింది. అత్తమ్మ గొలుసు తీయబోతే మేఘన, "బరువుంటది నానమ్మా, నిమ్మకాయ సాలు" అంది. అత్తమ్మ మూతి ముడిచి గొలుసును తన మెడలోనే ఉంచుకుంది. మళ్ళీ రాదని నేను చెప్పలేను. వస్తే ఇక గోడకేసి చూస్తూ కూర్చోం, అంత మటుకు చెప్పగలను. మీ పిల్లల దవడ పదేపదే వాస్తుంటే మాలాగా జబ్బుకు పేరు మీరే పెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

మళ్ళీ మామిడికాయలు

ఈ వేసవిలో వాకిలి మళ్ళీ నిండింది. పాత వాడుకవాళ్ళు తిరిగొచ్చారు. ఉప్పు కారం చూసే పని మేఘనది. వేలి కొసతో నాకి, ఒక కన్ను మూసి, తీర్పు చెబుతుంది. దాని తీర్పు మీద అప్పీలు లేదు.

మొదటి జాడీకి వాసెన గుడ్డ కట్టి లోపల పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అత్తమ్మ దాని ముందు కూర్చుని ఉంది. మెడలోంచి గొలుసు తీసి, వాసెన కింద, జాడీ మెడ చుట్టూ నెమ్మదిగా వేస్తోంది.

మేఘన పరుగెత్తుకొచ్చింది. "నానమ్మా, జాడీకి గవదబిళ్ళలు వచ్చినయా?"

"లేదు బిడ్డా" అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా. "పోయినేడు దీన్ని ఇంట్లకెళ్ళి ఎళ్ళగొట్టిన. గందుకే ఏస్తన్న."